కళ్లజోళ్లాయన కాలు విరిగినప్పుడు

ఎదుటివాడి కాలు విరిగిందని తెలిసి సంతోషించేవాడు మంచివాడు కాడు. ఈ సంగతి రొట్టెల మాస్టరుకీ తెలుసు. అయినా ఆ పొద్దున ఫోన్లో కబురు వినగానే, మోచేతుల దాకా పిండి అంటుకుని ఉన్న ఆ మనిషి, తోటి పనివాళ్లకి మొహం కనబడకుండా ఓవెన్ వైపు తిరిగి కాసేపు అలాగే నిలబడిపోయాడు. నవ్వు ఆపుకోవడానికి.

ఫోన్ చేసింది ఒకప్పటి భార్య. విరిగిన కాలు ఆమె ఇప్పటి భర్తది.

"పిల్ల వాయిద్యం పెట్టె మోసుకుని మెట్లు దిగుతుంటే జారాడు. చీలమండ దగ్గర విరిగింది. కట్టు వేశారు, కాలు కింద పెట్టకూడదన్నారు," అందామె.

"అయ్యో పాపం," అన్నాడు మాస్టరు. అందులో అయ్యో ఉంది గాని పాపం లేదు. ఒకప్పుడు ఆయనతో కాపురం చేసిన మనిషి కాబట్టి ఆ తేడా ఆమెకి తెలియకపోలేదు.

"సరేలే. పిల్లకి వరసగా రెండు కాలేజీల్లో సంగీతం పరీక్షలున్నాయి, రెండూ రెండు ఊళ్లు. నాకు ల్యాబులో సెలవు దొరకదు. అంత పెట్టె వేసుకుని అది ఒక్కత్తే తిరగలేదు. అందుకని నువ్వేమైనా..."

"నేను వెళ్తా."

"పూర్తిగా వినవా?"

"విన్నా. నేనే వెళ్తా."

ఆమె ఒక నిట్టూర్పు విడిచి ఫోన్ పెట్టేసింది. మాస్టరు మళ్లీ పిండి బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ రోజు ఆయన చేతి కింద పిండి మామూలు కంటే ఎక్కువ దెబ్బలు తింది. సంతోషం వచ్చినా కోపం వచ్చినా ఆయనకి చేతులే ముందు తెలుసుకుంటాయి.

మాస్టరుది బేకరీ పని. ఊరంతా నిద్రపోతున్నప్పుడు మొదలై, ఊరు ఒళ్లు విరుచుకునే వేళకి ముగుస్తుంది. జనం ఆఫీసులకి పరుగెడుతుంటే ఆయన ఎదురు నడుస్తూ ఇంటికి వచ్చి, కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకునేవాడు. ఆ దంపతులు గొడవలు పడి విడిపోయారనడానికి కూడా లేదు. గొడవ పడే తీరిక వాళ్లకెప్పుడు దొరికింది గనక? ఒకరు లేచేసరికి ఒకరు పడుకునేవారు. కొన్నాళ్లకి, ఎలాగూ విడివిడిగానే ఉంటున్నాం కదా, ఇద్దరికీ చెరో ఇల్లుంటే ఇంకాస్త బాగుంటుందనుకున్నారు.

ఆ తర్వాత ఆమె కళ్లజోళ్ల షాపాయన్ని పెళ్లి చేసుకుంది. మాస్టరు దానికేమీ ఏడవలేదు. ఆయన కళ్లల్లో నిప్పులు పోసుకున్నది పిల్ల విషయంలో. ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు తిండి గింజ గింజ ఏరుకుని తినేదని 'పిచ్చుక' అని పిలుచుకునేవాడు. ఆ పిల్ల వారమంతా తల్లి దగ్గర, ఆదివారాలు తండ్రి దగ్గర. అంటే వారమంతా ఆ కళ్లజోళ్లాయన దగ్గరన్నమాట. పిల్ల ఆయన్ని 'బాబాయ్' అంటుంది. ఇంతా చేసి ఆ మనిషిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గట్టిగా మాట్లాడడు. తాగడు. ఎదురుపడితే ముందు ఆయనే నమస్కారం పెడతాడు. తిట్టడానికి ఒక్క సాకు కూడా ఇవ్వనివాణ్ని ద్వేషించడం ఎంత కష్టమో మాస్టరుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నోటితో 'మీరు' అనేవాడు, మనసులో 'వాడు' అనుకునేవాడు.

ఇక పిల్ల సంగీతం సంగతి. బడిలో సంగీతం గది మూలన ఒక చెల్లో పడి ఉండేది. నిలువెత్తు వయొలిన్ లాంటిది, కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు. మోయడం కష్టమని పిల్లలెవరూ దాని జోలికి పోలేదు. అందరికంటే బక్కగా ఉన్న పిచ్చుక దాన్ని పట్టుకుంది.

"చెల్లో అంటే ఏంటే? చెల్లెలి వరసా?" అన్నాడు మాస్టరు, మొదటి ఆదివారం దాన్ని ఇంటికి తెచ్చినప్పుడు.

"కాదు నాన్నా, అక్క వరస. చూడు ఎంత పొడుగుందో," అంది పిల్ల.

నవ్వుకున్నారు. కాని మాస్టరు పగలు పడుకోవాలి. పిల్ల వాయించకూడదు. ఓ ఆదివారం మధ్యాహ్నం ఆయనకి మెలకువ వచ్చి చూస్తే, పిల్ల ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ఎడం చేతి వేళ్లు తీగల మీద పరుగెడుతున్నాయి. కుడిచేతిలో కమాను గాలిలో, తీగలకి తగలకుండా అటూ ఇటూ కదులుతోంది. చప్పుడు లేదు. "వాయించవే, నేను లేచాలే," అన్నాడాయన. "అయిపోయింది నాన్నా," అంది పిల్ల. ఆ తర్వాత ఆదివారాలు చెల్లో రాలేదు. "ఇక్కడికెందుకులే నాన్నా, నువ్వు పడుకుంటావుగా," అంది. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే బాగుండేది, గొడవ పెట్టుకునేవాడు.

అక్కడ కళ్లజోళ్లాయన మాత్రం షాపు వెనక గది ఖాళీ చేసి ఇచ్చాడు. చెల్లో అడుగున ఉండే ఇనపముల్లు నేల మీద జారకుండా, చెక్కకి చిల్లు పెట్టి ఒక పీట తయారు చేశాడు. కళ్లు పరీక్ష చేయించుకునేవాళ్లు గోడ మీది అక్షరాలు చదువుతుంటే వెనక నుంచి పిల్ల వాయించే పాట వినిపించేదట. కళ్లజోడు మార్చుకునే వంకతో అది వినడానికే వచ్చే ముసలివాళ్లు ఇద్దరున్నారని పిల్ల నవ్వుతూ చెప్పింది. మాస్టరు కూడా నవ్వాడు. ఆ రాత్రి పనిలో రెండు ట్రేల బన్నులు మాడాయి.

అలా ఏళ్లు గడిచి, పిల్ల సంగీతం కాలేజీ మెట్లెక్కే వయసుకొచ్చింది. కాలేజీలు చూడటానికి తీసుకెళ్లిందీ బాబాయే. పరీక్షలకి తీసుకెళ్లాల్సిందీ బాబాయే. ఇదిగో, ఇప్పుడు కాలు విరిగింది.

ప్రయాణం రోజున మాస్టరు క్షవరం చేయించుకుని, పెళ్లిళ్లకి వేసుకునే కోటు వేసుకుని స్టేషన్‌కి ముందే వచ్చి నిలబడ్డాడు. తల్లి టాక్సీలో పిల్లని దింపింది. పిల్ల ఆకుపచ్చ గౌను వేసుకుంది. వీపున చెల్లో పెట్టె. వెనక నుంచి చూస్తే పెట్టెకే కాళ్లొచ్చినట్టుంది.

"ఇటియ్యి, నేను మోస్తా," అన్నాడు మాస్టరు.

"జాగ్రత్త నాన్నా. అలా కాదు, పట్టీలు రెండూ తగిలించుకోవాలి. బాబాయ్ ఎడం భుజం మీద వేసుకుని మెడ భాగం ముందుకి..."

"నాకు తెలుసే. మూటల కొద్దీ పిండి మోసినవాణ్ని."

తెలిసినవాడు రైలు తలుపులో ఇరుక్కున్నాడు. పెట్టె తల పైన తగిలింది, అడుగు కింద తగిలింది, మాస్టరు మధ్యలో ఉండిపోయాడు. వెనకనున్న ముసలావిడ, "తాను దూర సందు లేదు, మెడకో డోలట," అని గొణిగింది. పిల్ల మొహం చేతుల్లో దాచుకుని నవ్వింది. తర్వాత కొంచెం పక్కకి తిప్పి, వంచి, సులువుగా లోపలికి తెచ్చింది. "బాబాయ్ కనిపెట్టాడు ఈ చిట్కా," అంది.

చెల్లోకి కిటికీ పక్క సీటు. దానిక్కూడా టికెట్టు. దాని పక్కన పిల్ల, ఎదురుగా మాస్టరు. ఆయన సంచిలోంచి ఆ పొద్దునే కాల్చిన రొట్టె తీశాడు. పై పెచ్చు కరకరలాడాలని ప్రత్యేకంగా కాల్చాడు, ఇంకా వేడి తగ్గలేదు.

"తర్వాత తింటా నాన్నా. వాయించే రోజు గట్టివి తినను. అరటిపండు తింటానంతే."

"ఎవరు చెప్పారు?"

ఎవరో చెప్పక్కర్లేదు. పిల్ల కిటికీలోంచి బయటికి చూసింది. మాస్టరు రొట్టె మళ్లీ గుడ్డలో చుట్టాడు. ఏవో కబుర్లు మొదలెట్టాడు, బేకరీలో కొత్త మిషను గురించి, ఇంటివాడి కుక్క గురించి. పిల్ల మర్యాదగా ఊ కొట్టింది, ఆపైన మెల్లిగా, "నాన్నా, నేను కాసేపు పాట మనసులో అనుకోవాలి. ఏమనుకోకు," అని కళ్లు మూసుకుంది. ఫోన్ కూడా కట్టేసింది. పరీక్ష అయ్యేదాకా ముట్టుకోదట.

మాస్టరు ఏమీ అనుకోకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాడు. ఇలాంటప్పుడు వాడు నోరు మూసుకుని కూర్చుంటాడు కాబోలు. పుట్టుకతోనే నోరు లేనివాడు, వాడికేం కష్టం?

మొదటి కాలేజీ పెద్ద రాతి భవనం. బయట చలి కోస్తోంది, లోపల హీటర్లతో ఉక్కపోస్తోంది. వరండా పొడుగునా పిల్లలు, వాళ్ల పక్కన పెద్దవాళ్లు. ప్రతి తలుపు వెనకా ఎవరో ఒకరు ఏదో వాయిస్తున్నారు, అన్నీ కలిసి సంతలా ఉంది. బల్ల దగ్గర కూర్చున్నావిడ పిల్ల పేరు చూసుకుని, మొహం చాటంత చేసుకుంది.

"నువ్వా! కాలేజీ చూడ్డానికి వచ్చావు కదూ. మీ నాన్నగారు రాలేదా? ఎంత మంచాయన! నా కళ్లజోడు వంకర పోతే ఇక్కడే నిలబడి సరిచేసిచ్చారు." అప్పుడు మాస్టరు వైపు తిరిగి, "మీరూ?" అంది.

పిల్ల నోరు తెరవబోయింది. మాస్టరే ముందన్నాడు: "నేనా? బాబాయిని."

పిల్ల ఆయన వైపు గిరుక్కున తిరిగింది. "అదేంటి నాన్నా..." అని ఇంకా ఏదో అనబోతుండగానే, లోపలి నుంచి ఒకతను వచ్చి, కాసేపు సాధన చేసుకోవడానికి గది ఖాళీ ఉంది రమ్మని పిలిచాడు. పిల్ల వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్లింది.

మాస్టరు బెంచీ మీద కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. కళ్లజోళ్లాయన.

"అండీ, నేను. పిల్ల ఫోన్ కట్టేసుంటుంది కదాని మీకు చేశాను. ఏం లేదు, చెల్లో తల దగ్గర తీగలు బిగించే బిరడాలుంటాయి చూడండి, వాటిలో లావుతీగ బిరడా కాస్త అరిగింది. చలిలోంచి వేడి గదిలోకి వెళ్తే జారుతుంది. సుద్ద రాసి బిగిద్దామనుకుంటుండగానే ఈ కాలు గొడవ వచ్చిపడింది. వాయించబోయే ముందు దాన్ని లోపలికి గట్టిగా నొక్కి తిప్పమని చెప్పండి. అంతే. మర్చిపోరుగా?"

"నేను చూసుకుంటాలెండి," అన్నాడు మాస్టరు.

"అంటే, తప్పకుండా..."

"చూసుకుంటానన్నానుగా. నా కూతురే కదండీ."

ఫోన్ పెట్టేశాడు. పిల్ల ఉన్న గది ఎదురుగానే ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. కాని ఆ నాలుగడుగులు వేసి ఏమనాలి? 'మీ బాబాయ్ చెప్పమన్నాడు' అనాలి. రైలెక్కినప్పటి నుంచి ఆ మాట వినీ వినీ చెవులు కాలిపోయాయి, ఇప్పుడు తన నోటితో కూడా అనాలా? ఇన్ని ఊళ్లు దాటి వచ్చినా, ఇంట్లో కాలు చాపుకుని కూర్చున్నవాడే పరీక్ష జరిపించాలా? ఆ పిల్లకి తెలియదా ఏం, ఇన్నేళ్లుగా వాయిస్తోంది. ఇలా తనకి తను సర్దిచెప్పుకుంటూ మాస్టరు బెంచీ మీదే కూర్చున్నాడు. కాసేపటికి పిల్లని పెద్ద గదిలోకి పిలిచారు. పోతూ పోతూ ఆయన వైపు చూసి చెయ్యి ఊపింది. ఆయన లేచి నిలబడ్డాడు. చెప్పడానికి అప్పుడు కూడా సమయం ఉంది. తలుపు మూసుకుంది.

పాట మొదలైంది. మందంగా, మనిషి గొంతులా ఉంది. మాస్టరు తలుపు దగ్గరికి జరిగాడు. బాగానే సాగుతోంది, నా పిల్లకేం, అనుకుంటుండగా లోపల టప్పుమని ఒక చప్పుడైంది. పాట జావగారిపోయి ఆగిపోయింది. ఎవరో ఏదో అన్నారు. కిర్రుకిర్రుమని బిరడా తిప్పుతున్న శబ్దం. మళ్లీ మొదటి నుంచి మొదలెట్టింది. కాని ఈసారి ఆ పాట గొంతులో వణుకున్నట్టుంది. సంగీతం తెలియనివాడికి కూడా తెలిసిపోయేంత వణుకు.

బయటికి వచ్చిన పిల్ల ఏడవలేదు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"బిరడా జారింది నాన్నా. మళ్లీ వాయించమన్నారు, మంచివాళ్లే. నా చేతులే ఆగలేదు." కొంత దూరం నడిచాక అంది, "నేనే చూసుకోవాల్సింది. బాబాయ్ ఉంటే గుర్తు చేసేవాడు."

ఆ మాట ఆయన్ని దెప్పడానికి అన్నది కాదు. అందుకే చెంప మీద కొట్టినట్టు తగిలింది.

సాయంత్రం బస్సులో రెండో ఊరు చేరి, ఒక బసలో దిగారు. రెండు మంచాలు, ఒక కుర్చీ, కిటికీ కింద హీటరు ఉన్న గది. పిల్ల పెట్టె గోడకి ఆనించి, బూట్లు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుంది. మాస్టరుకి మింగలేక కక్కలేక ఉంది. చెప్పకపోతే ఆ పిల్ల తప్పంతా తన మీదేసుకుని రేపు మళ్లీ వణుకుతుంది. చెప్తే ఇక జన్మలో తన మొహం చూడదేమో.

"పిచ్చుకా, మీ బాబాయ్ ఫోన్ చేశాడు. నువ్వు లోపలికెళ్లక ముందు. ఆ లావుతీగ బిరడా జారుతుంది, నొక్కి తిప్పమని చెప్పమన్నాడు. నేను చెప్పలేదు."

పిల్ల తలెత్తింది. "మర్చిపోయావా?"

'అవును' అంటే సరిపోయేది. మర్చిపోవడం ఎవరికైనా సహజం. మాస్టరు నోటి దాకా వచ్చిన ఆ మాట మింగేశాడు.

"మర్చిపోలేదు. చెప్పబుద్ధి కాలేదు."

"ఎందుకు?"

"కుళ్లు."

గదిలో హీటరు టిక్కు టిక్కుమంటోంది. పిల్ల ఆయన్ని ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"బాబాయ్ అంటే అంత కుళ్లా నీకు?"

"అంత. వాడు పెట్టె మోస్తే కుళ్లు. పీట చేస్తే కుళ్లు. వాడి కాలు విరిగిందంటే నవ్వొచ్చిందే నాకు. ఇంతకంటే ఏం చెప్పను?"

పిల్ల లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. వీపు ఇటువైపు పెట్టి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపో కోపమో ఆయనకి తెలియలేదు.

"ఎన్నిసార్లు పిలిచాను నాన్నా, బళ్లో వాయిస్తున్నా రమ్మని," అంది, ఇటు తిరక్కుండానే. "రొట్టెలున్నాయి, నిద్రుంది అనేవాడివి. నీకు ఇవేం పట్టవనుకున్నా. నాన్నకి సంగీతం ఇష్టం లేదు, పోనీలే అని సర్దుకున్నా. కుళ్లుకునేంత ఉందని నాకేం తెలుసు? ఆ ఏడిచేదేదో వచ్చి ముందు వరసలో కూర్చుని ఏడవచ్చుగా!"

మాస్టరు కోటు విప్పి కుర్చీ మీద వేశాడు.

"అలాగని నిన్ను క్షమించేశాననుకోకు," అంటూ ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఫోన్ తియ్యి. బాబాయ్‌కి నువ్వే చెప్పు. నేను చెప్పను."

ఆయన చేసిన పనులన్నిట్లోకీ కష్టమైన పని అదే అనిపించింది. వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"నాకు తిట్టడం రాదండీ," అన్నాడు కళ్లజోళ్లాయన. "వస్తే బాగుండును ఇప్పుడు."

"తిట్టండి. ప్రయత్నించండి."

"ఆ పిల్ల ఎంత కష్టపడిందో మీకేం తెలుసండీ?" గొంతు మొదటిసారి పెరిగింది. "వేళ్లు బొబ్బలెక్కి, అవి చితికి, మళ్లీ వాటి మీదే వాయించేది. ఇన్నేళ్లూ నేను మోశానా? మోశాను. అయినా మీరు తీసుకెళ్తున్నారని తెలియగానే ఏం చేసిందో తెలుసా? ఆకుపచ్చ గౌను తీసి ఇస్త్రీ చేసుకుంది. నాతో వచ్చినప్పుడు ఒక్కనాడు ఇస్త్రీ చేసుకున్న పాపాన పోలేదు. చేతికందింది తొడుక్కుని బయల్దేరేది. నేను మంచంలో పడుకుని ఆ ఇస్త్రీపెట్టె చప్పుడు వింటూ... పోనీండి. విరిగిన కాలు అంత నెప్పి పుట్టలేదు."

మాస్టరు గోడకి ఆనుకున్నాడు. ఇన్నాళ్లూ ఈ కడుపుమంట తన ఒక్కడి సొంత ఆస్తి అనుకుని కాపలా కాస్తున్నాడు. అవతలివాడి ఇంట్లో కూడా అదే పొయ్యి రగులుతోందని తెలిస్తే ఒక పక్క సిగ్గు, ఒక పక్క చెప్పలేని హాయి. నిజం చెప్పాలంటే హాయే ఎక్కువ. గౌను సంగతి ఆయన గమనించనే లేదు. ఇప్పుడు తెలిసి ఛాతీ రెండంగుళాలు పెరిగింది, ఆ పెరిగినందుకు మళ్లీ తల వంగింది.

"సుద్ద ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు.

"ఏ సుద్దయినా పర్లేదు. బడిపిల్లలు రాసేదైనా సరే."

బస కింద హోటలు గుమ్మంలో, ఆ రోజు ఏమేం దొరుకుతాయో నల్లబల్ల మీద సుద్దతో రాసి పెట్టారు. మాస్టరు వెళ్లి అడిగి ఒక ముక్క తెచ్చాడు. గదిలో ఫోన్ మంచం మీద పెట్టి, ఇద్దరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు. పిల్ల చెల్లో పడుకోబెట్టి పట్టుకుంది. కళ్లజోళ్లాయన అక్కడి నుంచి చెప్తుంటే మాస్టరు ఇక్కడ చేశాడు. తీగ వదులు చెయ్యండి. బిరడా బయటికి లాగండి. మెరుస్తున్న చోట సుద్ద రాయండి, మరీ ఎక్కువ వద్దు. ఇప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పండి.

"నొక్కుతున్నారా?"

"నొక్కుతున్నా."

"ఇంకా గట్టిగా నొక్కండి. మీ చేతులు బలంగా ఉంటాయి కదా."

"బాబాయ్, మరీ నొక్కితే విరుగుతుందేమో!" అంది పిల్ల.

"విరగదులే. మీ నాన్నకి నొక్కుడు ఎక్కడ ఆపాలో తెలుసు," అన్నాడు కళ్లజోళ్లాయన. ఆ 'మీ నాన్న' అనే మాట ఆయన గొంతులో కొంచెం తడబడింది.

మర్నాడు రెండో కాలేజీలో మాస్టరు ఎవరూ అడక్కుండానే బల్ల దగ్గర, "నేను వాళ్ల నాన్నని," అని చెప్పాడు. అక్కడ కూర్చున్నతను తలెత్తకుండా, "సంతకం ఇక్కడ," అన్నాడంతే. పిల్ల లోపలికి వెళ్లబోతూ బిరడాని బొటనవేలితో ఒకసారి నొక్కి చూసుకుంది. తండ్రితో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. కాని పెట్టె ఆయన చేతికే ఇచ్చింది.

ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని మాస్టరు తలుపు బయట కూర్చున్నాడు. పాట మొదలైంది, సాగింది, ఎక్కడా ఆగలేదు. మధ్యలో ఒకచోట చాలా కిందికి దిగి, చీకటి గదిలో ఎవరో తడుముకుంటూ నడిచినట్టు మెల్లిగా నడిచి, మళ్లీ వెలుగులోకి వచ్చింది. కూతురు వాయించే పాట మొదటి నుంచి చివరిదాకా, మెలకువగా ఉండి, ఆయన వినడం అదే మొదలు. అయిపోయాక కూడా కదల్లేదు. లోపల కూర్చున్న పరీక్షకులు ఎంత అదృష్టవంతులు, వాయిస్తున్నప్పుడు దాని మొహం చూశారు, అనుకున్నాడు. వాళ్ల మీద కూడా కాస్త కుళ్లు పుట్టింది.

తిరుగు ప్రయాణంలో పిల్ల ఎండిపోయిన ఆ రొట్టె అడిగి తీసుకుని, నీళ్లలో ముంచుకుని సగం తినేసింది. "గట్టిగా ఉంది," అంది. అంతకంటే మంచిమాట ఆ రెండు రోజుల్లో ఆయన వినలేదు.

మొదటి కాలేజీవాళ్లు తీసుకోలేదు. వణకకుండా వాయించి ఉంటే తీసుకునేవాళ్లో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ 'లేదో' ఇప్పటికీ మాస్టరు పక్కలో ముల్లులా ఉండిపోయింది. రెండో కాలేజీలో సీటు వచ్చింది. పిల్ల ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆయన ముందు అడిగింది, "మీ బాబాయ్‌కి ముందు చెప్పావా, నాకా?" అని.

"అమ్మకి," అంది పిల్ల. "మీ ఇద్దరికీ ఒకేసారి చెప్పాలంటే కుదర్లేదు. చీటీలు వేశా. బాబాయ్ పేరు వచ్చింది."

అబద్ధమో నిజమో. మాస్టరు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు.

చదువు మొదలయ్యే రోజుకి కళ్లజోళ్లాయన కట్టు విప్పారు గాని ఇంకా చేతికర్ర ఉంది. తల్లికి ఆ రోజూ సెలవు దొరకలేదు. మగవాళ్లిద్దరూ పిల్లని దింపడానికి వెళ్లారు. రైల్లో చెరో పక్కన కూర్చుని, మధ్యలో పిల్లని పెట్టుకుని, ఒకరు అరటిపండ్లు, ఒకరు బన్నులు అందించారు. పిల్ల రెండూ తినలేక రెండూ తింది.

కాలేజీ గుమ్మంలో ఒకతను ఎదురొచ్చాడు. చెల్లో నేర్పే గురువట. నెరిసిన జుట్టు వెనక్కి దువ్వుకుని, మెడలో పొడుగాటి కండువా వేసుకుని ఉన్నాడు. పిల్లని చూడగానే చేతులు చాచి, "వచ్చావా! నీ కోసమే చూస్తున్నా. పరీక్షలో ఆ మధ్య భాగం వాయించావు చూడూ, ఇంటికెళ్లి మా ఆవిడకి కూడా చెప్పాను," అన్నాడు. పిల్ల మొహం దీపంలా వెలిగింది. ఇద్దరూ ఏవేవో పేర్లు చెప్పుకుంటూ, చేతులు గాలిలో ఊపుకుంటూ, పకపకా నవ్వుకుంటూ మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయారు. మూల తిరిగే ముందు పిల్లకి గుర్తొచ్చి, "నాన్నా! బాబాయ్! ఇక్కడే ఉండండి, ఇప్పుడే వస్తా!" అని అరిచింది.

వాళ్లు అక్కడే ఉన్నారు. చాలాసేపు ఉన్నారు.

"చూశారా ఆ కండువా," అన్నాడు కళ్లజోళ్లాయన మెల్లిగా.

"చూశా," అన్నాడు మాస్టరు. "ఇంత ఎండలో కండువా ఏంటండీ మనిషికి?"

"నవ్వు కూడా ఏదోలా ఉంది."

"గట్టిగా నవ్వుతాడు. గట్టిగా నవ్వేవాళ్లని నమ్మకూడదు."

"పోనీ, పాఠం బాగా చెప్తాడేమో."

"చెప్తే చెప్పనివ్వండి. మనం కాదన్నామా?"

కళ్లజోళ్లాయన కాలు నెప్పి పుడుతోందని మెట్ల మీద కూర్చున్నాడు. మాస్టరు కాసేపు నిలబడి, ఆయన పక్కనే కూర్చున్నాడు.